గుమ్మం దగ్గర గుడ్డసంచి

ప్రశ్న:

నమస్కారమండీ. మాకు పెళ్ళయి పన్నెండేళ్ళు. పిల్లలు లేరు. ఎనిమిది నెలల క్రితం బాలసదనం నుంచి ఏడేళ్ళ పాపను చట్టప్రకారం దత్తత తీసుకున్నాం. కలెక్టర్ గారి ఉత్తర్వు కూడా చేతికి వచ్చింది. నేను బ్యాంకులో పనిచేస్తాను, మావారు కాలేజీలో లెక్చరర్. అత్తగారు మాతోనే ఉంటారు. పాపకు ఏ లోటూ చేయలేదు. సొంత గది, సైకిలు, మంచి బడి, అన్నీ ఇచ్చాం. అయినా మాకు దగ్గర కావడం లేదు. నన్ను ‘ఆంటీ’ అనే పిలుస్తుంది. ఇంటికి ఎవరు వచ్చినా వెళ్ళి ఒళ్ళో కూర్చుంటుంది. నేను దగ్గరకు తీసుకుంటే మాత్రం కట్టెలా బిగుసుకుపోతుంది. దెబ్బ తగిలినా ఏడవదు. ఒకసారి సైకిలు మీద నుంచి పడి మోకాలు చీరుకుపోతే, ఎవరికీ చెప్పకుండా పెరట్లో కుళాయి కింద తనే కడుక్కుంది. సాయంత్రం తల దువ్వేటప్పుడు మాత్రం కదలకుండా కూర్చుంటుంది. వచ్చినప్పుడు క్రాఫు ఉండేది, ఇప్పుడు రెండు పిలకలకు అందుతోంది.

తిండి దాస్తుంది. దిండు కింద చపాతీ, బడి సంచిలో ఇడ్లీ. పది రోజుల క్రితం పరుపంతా చీమలు పట్టాయి. నేను అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను. కోపం పట్టలేక ‘ఇలాగే చేస్తే మళ్ళీ అక్కడికే పంపించేస్తాను’ అనేశాను. పాప ఏమీ అనలేదు. తెల్లవారి లేచి చూసేసరికి, బాలసదనం నుంచి తెచ్చుకున్న గుడ్డసంచిలో రెండు గౌన్లు సర్దుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. తలుచుకుంటే అన్నం సహించడం లేదు. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలి? ఆ పిల్లకు నా మీద ఎప్పటికైనా నమ్మకం కుదురుతుందా?

– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికే తొందర ఎక్కువ. ఆ మాట అని పది రోజులయింది. ఈ పది రోజులూ పాప ఆ మాటతోనే పడుకుంటోంది, ఆ మాటతోనే లేస్తోంది. పైకి మామూలుగా తిరుగుతోంది కదా, మర్చిపోయి ఉంటుందిలే అనుకోకండి. ఇది చదివిన రోజే ఆ పని చేయండి.

రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో సందడి తగ్గాక, పాప గదిలోకి వెళ్ళి నేల మీద కూర్చోండి. తను మంచం మీద ఉంటే అలాగే ఉండనివ్వండి. మీ ముఖం తన ముఖం కంటే ఎత్తులో ఉండకూడదు. ‘ఆ రోజు నిన్ను పంపించేస్తానని అన్నాను. అది తప్పు మాట. కోపంలో అన్నాను. నువ్వు ఏ తప్పు చేసినా సరే, నిన్ను ఎక్కడికీ పంపించను.’ ఇంతే చెప్పండి. ‘కానీ నువ్వు కూడా అలా తిండి దాచకూడదు కదా’ అని చివర తోక తగిలించకండి. ‘నా మీద కోపం పోయిందా?’ అని అడగకండి. మీకు కన్నీళ్ళు వస్తే రానివ్వండి, కానీ ఏడేళ్ళ పిల్ల మిమ్మల్ని ఓదార్చవలసిన పరిస్థితి తేకండి. పాప ఏమీ మాట్లాడకపోవచ్చు, గోడవైపు తిరిగి పడుకోవచ్చు. ఫరవాలేదు. విన్నది.

మర్నాడు పగటిపూట, బీరువాలోంచి ఆ కలెక్టర్ గారి ఉత్తర్వు తీయండి. ఇదివరకు దత్తత ఉత్తర్వులు కోర్టు ఇచ్చేది. 2021లో బాల న్యాయ చట్టాన్ని సవరించడంతో 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు వచ్చింది. మీ పాప విషయంలో ఇది బాగా కలిసొచ్చింది. కోర్టు అంటే ఆ వయసు పిల్లకు అర్థం కాదు. కలెక్టర్ గారంటే ఎవరో బాలసదనంలో పెరిగిన పిల్లకు బాగా తెలుసు. ఆయన వస్తున్నారంటే ముందు రోజు నుంచే అక్కడ గచ్చు కడుగుతారు, పిల్లలకు ఉతికిన బట్టలు వేస్తారు. అంతటి మనిషి సంతకం తన కోసం చేశారని పాపకు తెలియాలి. ఆ సంతకం మీద తన వేలు పెట్టించండి. తన పేరు, మీ పేరు, మీవారి పేరు ఒకే కాగితం మీద కూడబలుక్కుని చదవనివ్వండి. చట్టప్రకారం ఆమె అన్ని విధాలా మీ బిడ్డే. ‘ఈ కాగితం ప్రకారం నువ్వు మా అమ్మాయివే, నా కోపం దీన్ని మార్చలేదు’ అని చెప్పండి. పెద్దవాళ్ళ మనసులు మారడం ఆ పిల్ల చాలాసార్లు చూసి ఉంటుంది. మీ మనసు గురించి ఇచ్చే హామీ కంటే ఆ కాగితమే ఇప్పుడు ఆమెకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. రేషన్ కార్డులో పేరు ఇంకా చేర్పించకపోతే చేర్పించి, అది కూడా చూపించండి.

ఆ గుడ్డసంచిని పారేయకండి, అటక ఎక్కించకండి. చూస్తే మీకు గుండె కలుక్కుమంటుందని నాకు తెలుసు. అయినా అది తన అలమరలోనే, తన చేతికి అందేచోటే ఉండాలి. అందులోని గౌన్లు మీరు తీసి సర్దకండి. ఎప్పుడో ఒకరోజు తనే తీస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ‘ఏ లోటూ చేయలేదు’ అని రాశారు. అందులో అబద్ధం లేదు. అయితే ఆ పిల్ల ఎదురుచూస్తున్నది వస్తువుల కోసం కాదు. నేను అలాంటి ఒక గృహంలో పదకొండేళ్ళు పిల్లల మధ్య పనిచేశాను. అక్కడి ఆయమ్మల్లో పిల్లల కోసం ప్రాణం పెట్టేవాళ్ళను చూశాను. కానీ పొద్దున్న ఎత్తుకున్న మనిషి రాత్రికి ఉండదు. రాత్రి పాట పాడిన మనిషి వచ్చే నెలకు మరో ఊరికి బదిలీ అయి వెళ్ళిపోతుంది. వాళ్ళలో చాలామందిని పిల్లలు ‘అమ్మా’ అనే పిలుస్తారు. మీ పాప నోట ఆ మాట రావడం లేదని బాధపడుతున్నారు కదా, ఆ చెవులకు ‘అమ్మ’ అంటే డ్యూటీ అయిపోగానే చీర మార్చుకుని బస్సెక్కే మనిషి కావచ్చు. మిమ్మల్ని ఆ వరసలో చేర్చకుండా ‘ఆంటీ’ దగ్గర ఆపిందేమో. ఆ పిలుపు కోసం బతిమాలకండి, చాక్లెట్ ఇచ్చి చెప్పించకండి, ఇంట్లో మరెవరినీ చెప్పించనివ్వకండి.

మా గృహంలో ఒక బాబు ఉండేవాడు, ఆరేళ్ళవాడు. రోజూ సాయంత్రం నేను చేతిసంచి తీసుకోగానే గుమ్మం దాకా వచ్చి ‘రేపు కూడా మీరే వస్తారా?’ అని అడిగేవాడు. ‘వస్తాను నాన్నా’ అనేదాన్ని. ఒక శుక్రవారం అలాగే అని, మర్నాడు బంధువుల పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజుల తర్వాత వచ్చాను. వెళుతున్నానని ఆ బాబుకు చెప్పాలని నాకు తోచనే లేదు. తిరిగి వచ్చాక వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం నేను సంచి తీసుకుంటే గుమ్మం దగ్గరకు రాలేదు. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు. ఇప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది, నాకు ఆ సాయంత్రం గుర్తుంది.

అందుకే చెబుతున్నాను, మీ పాప ముందుగా నమ్మవలసింది మీ ప్రేమను కాదు, మీరు చెప్పే వేళను. సాయంత్రం ఆరు గంటలకు వస్తానంటే ఆరు గంటలకు గేటు చప్పుడు కావాలి. బ్యాంకులో నెలాఖరు పని ఉందని తెలిస్తే పొద్దున్నే ‘ఇవాళ ఏడు అవుతుంది’ అని చెప్పండి. ఏడని చెప్పి ఆరున్నరకు వస్తే నష్టం లేదు, ఆరని చెప్పి ఆరున్నరకు వస్తే ఆ అరగంటా పాప ఎలా గడుపుతుందో మీరు చూడలేరు. ఆలస్యమైతే ఫోను చేయండి. అత్తగారికి చెప్పి ఊరుకోకుండా ఫోను పాపకే ఇమ్మనండి. ఊరు వెళ్ళవలసి వస్తే, గోడ మీది క్యాలెండర్‌లో వెళ్ళే రోజు, వచ్చే రోజు పాప చేతే గీత గీయించండి. ఇవన్నీ చూడటానికి చిన్న పనులే. కానీ నెలల తరబడి, రోజూ, విసుగు లేకుండా చేయాలి. విసుగు వచ్చినా చేయాలి.

ఏడవకపోవడం గురించి. మోకాలు తనే కడుక్కుందని చదివి నేను కాసేపు ముందుకు చదవలేకపోయాను. చుట్టాలు చూసి ‘ఎంత బుద్ధిమంతురాలో, పేచీ పెట్టదు’ అని మెచ్చుకుని ఉంటారు. 1948లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్ అనే మానసిక వైద్యశాల తరఫున జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రుల్లో చేరిన చిన్నపిల్లలను గమనించడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో అక్కడ తల్లిదండ్రులను బిడ్డ దగ్గర ఉండనిచ్చేవారు కాదు, ఎప్పుడో ఒకసారి చూసి వెళ్ళనిచ్చేవారు. చేరిన పిల్లలు మొదట గుక్కపట్టి ఏడ్చేవారు. కొన్నాళ్ళకు దిగాలుగా, మౌనంగా అయిపోయేవారు. ఆ తర్వాత ఎవరు పలకరించినా నవ్వేవారు, కన్నతల్లి వస్తే మాత్రం పట్టించుకునేవారు కాదు. ‘పిల్ల సర్దుకుంది’ అని సిబ్బంది సంతోషించేవారు. అది సర్దుకోవడం కాదని, ఆశ వదులుకోవడమని రాబర్ట్‌సన్ గ్రహించాడు. చెబితే వైద్యులు నమ్మలేదు. ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపను రోజూ కెమెరాతో చిత్రీకరించి 1952లో వాళ్ళకే చూపించాడు. చాలామంది మండిపడ్డారు. కానీ 1959లో బ్రిటన్ ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది.

మీ పాప కుళాయి కింద మోకాలు కడుక్కోవడం, కొత్తవాళ్ళ ఒళ్ళో చటుక్కున కూర్చోవడం రెండూ ఆ కోవలోవే. ఏడిస్తే వచ్చే మనిషి లేనిచోట ఏడుపు మానేస్తారు. ఎవరూ తమవారు కానిచోట అందరినీ సమానంగా ముద్దు చేస్తారు. ఈసారి దెబ్బ తగిలితే మీరు పరుగున వెళ్ళండి. ‘నొప్పిగా ఉంది కదూ’ అనండి. తను ‘లేదు’ అన్నా సరే, మీరే పసుపో మందో రాయండి, రాత్రి మరోసారి చూడండి, పొద్దున్న ఇంకోసారి అడగండి. ఇంటికి వచ్చేవాళ్ళకు ముందే చెప్పండి, పాపను ఒళ్ళోకి తీసుకోవద్దని, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడమని. వాళ్ళు నొచ్చుకున్నా ఫరవాలేదు. ఎవరి ఒళ్ళో పడితే వారి ఒళ్ళో కూర్చునే ఆడపిల్లకు బయట ఎంత ప్రమాదమో నేను మీకు చెప్పనక్కరలేదు.

తిండి విషయం. దయచేసి ఆ పనికి దొంగతనమన్న పేరు పెట్టకండి. పెద్ద గృహాల్లో గంట కొడితే తిండి. గంట దాటితే లేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లల కంచంలోది లాక్కోవడం కూడా ఉంటుంది. రేపు తిండి ఉంటుందో లేదో తెలియని పిల్ల ఇవాళ్టిది దాచుకోవడం తెలివైన పని. మీ ఇంట్లో ఫ్రిజ్ నిండుగా ఉండవచ్చు, కానీ ఆ ఫ్రిజ్ ఎవరిది? తలుపు తీయాలంటే ఎవరిని అడగాలి?

మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి కొనండి. పాపను బజారుకు తీసుకెళ్ళి తన చేతే ఎంచుకోనివ్వండి. పాత్రల షాపులో పేరు చెక్కి ఇస్తారు కదా, తన పేరు చెక్కించండి. వేయించిన వేరుశనగ పప్పు, చెగోడీలు, బిస్కెట్లు, బెల్లం అచ్చు, పాడవనివి ఏవైనా అందులో పోయండి. అది తన మంచం పక్కనే ఉంటుంది. అర్ధరాత్రి తిన్నా, అన్నానికి ముందు తిన్నా అడగకండి. డబ్బా ఎంత ఖాళీ అయిందో చూడటానికి తన ముందు మూత తీయకండి. రోజూ సాయంత్రం ఒకే వేళకు ‘డబ్బా నింపుదామా?’ అని తన ముందే నింపండి. అల్లరి చేసిన రోజు కూడా నింపండి, మార్కులు తక్కువ వచ్చిన రోజు కూడా నింపండి. మొదట్లో మొత్తం ఒక్కరోజులోనే తినేసి కడుపునొప్పి తెచ్చుకోవచ్చు. దిండు కింద చపాతీలు మరికొన్నాళ్ళు దొరుకుతాయి కూడా. దొరికితే మాట్లాడకుండా తీసి, దిండు గలీబు మార్చేయండి. నేను చూసిన పిల్లల్లో కొందరికి నెలలు పట్టింది, ఒకమ్మాయికి రెండేళ్ళు పట్టింది. తర్వాత తర్వాత డబ్బాలో చెగోడీలు మెత్తబడిపోయేవి, ఎవరూ ముట్టుకోక.

మన ఇళ్ళలో ఒక వేళాకోళం ఉంది. ‘నిన్ను తవుడు పోసి కొనుక్కొచ్చాం’ అని పిల్లలను ఏడిపిస్తారు. నన్నూ అన్నారు, మిమ్మల్నీ అని ఉంటారు. కడుపున పుట్టిన పిల్లలు కాసేపు ఉడుక్కుని మర్చిపోతారు. ‘బూచాడికి పట్టిస్తా’, ‘హాస్టల్లో పడేస్తా’ కూడా ఆ బాపతే. మీ ఇంట్లో ఈ మాటలు ఎవరి నోటా, ఏ పిల్లతోనూ, సరదాకైనా రాకూడదు. మీ మరిదిగారో, పక్కింటివారో పెళ్ళిలోనో పేరంటంలోనో తెలియక అనేస్తే, నలుగురిలో ఉన్నాం కదా అని ఊరుకోకండి. అక్కడికక్కడే, పాప వినేలా ‘మా అమ్మాయిని అలా అనకండి’ అనండి. ఆ పిల్ల తవుడు మాట కంటే మీరు దానికి ఏమి బదులు చెబుతారో చూస్తుంది. అత్తగారి గురించి మీరు ఎక్కువ రాయలేదు. ఆవిడకు నచ్చజెప్పవలసి వస్తే ఆ పని మీవారు చేయాలి, మీరు కాదు.

మరో అలవాటు కూడా వదులుకోవాలి. పిల్లలు తప్పు చేస్తే ‘నీతో మాట్లాడను పో’ అని ముఖం ముడుచుకోవడం. కొట్టడం కంటే ఇది నయమని మనం అనుకుంటాం. 1970ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. అంతవరకూ పసిబిడ్డతో ఆడుతున్న తల్లిని కాసేపు ఏ భావమూ లేని ముఖంతో ఉండమన్నాడు. బిడ్డ నవ్వింది, చేతులు చాచింది, కేకలు వేసింది. తల్లి ముఖం కదలకపోయేసరికి అటు తిరిగిపోయింది. కన్నతల్లి చూసి చూడనట్టుండే ఆ కొద్ది నిమిషాలే అంత భారమైతే, ఎనిమిది నెలల క్రితం వచ్చిన పిల్లకు ఒక పూట మౌనం ఎంత భారమో ఆలోచించండి. కోపం వస్తే ‘నాకు కోపంగా ఉంది, కాసేపు వరండాలో కూర్చుని వస్తాను’ అని చెప్పి వెళ్ళండి, వెళ్ళినట్టే రండి. మీకు కోపం రాకూడదని ఎవరూ అనరు. మళ్ళీ వస్తుంది, మళ్ళీ నోరు జారవచ్చు కూడా. అయితే పడుకునేలోపు మీరే ముందు పలకరించాలి, ప్రతిసారీ.

ఇంకొక సంగతి. మీరు ఉత్తరంలో ఒక వాక్యం రాసి, దాన్ని దాటి వెళ్ళిపోయారు. సాయంత్రం తల దువ్వేటప్పుడు కదలకుండా కూర్చుంటుందని. జడ వేయించుకోవాలంటే మీకు వీపు చూపించి కూర్చోవాలి. మీ చేతిలో దువ్వెన ఉంటుంది, చిక్కు తీస్తే లాగుతుంది, మీ ముఖం తనకు కనిపించదు. భయం ఉన్న పిల్ల అలా కూర్చోదమ్మా. గోడకు ఆనుకుని, తలుపు కనిపించేలా కూర్చుంటుంది. మా గృహానికి కొత్తగా వచ్చిన పిల్లలకు పేలు చూడాలన్నా ఎంత గొడవయ్యేదో నాకు తెలుసు. కౌగిలింతకు బిగుసుకుపోయే పిల్ల రోజూ పది నిమిషాలు తన తలను మీ చేతుల్లో పెడుతోంది. ఆ పది నిమిషాలను ఇరవై చేయండి. కొబ్బరినూనె కాస్త వెచ్చచేసి, మాడు మీద అద్ది, నెమ్మదిగా మర్దనా చేయండి. ‘చెవి వెనక రాయనా?’ అని అడిగి రాయండి. మీ చేయి ఎటు కదలబోతోందో ముందే తెలిస్తే ఆ ఒళ్ళు బిగుసుకోదు. బడి గురించి ప్రశ్నలు వేయకండి. మీ చిన్నప్పటి కబుర్లు చెప్పండి, లేదా ఊరికే ఉండండి. పిల్లలు ఏదైనా చెబితే అలాంటప్పుడే, మన ముఖం చూడకుండా చెబుతారు.

బుద్ధిగా ఉన్న ఈ పిల్ల రేపు ఒకరోజు తలుపు దడాలున వేస్తుంది. కంచం తోసేస్తుంది. ‘నువ్వు మా అమ్మవు కాదు, నేను వెళ్ళిపోతా’ అంటుంది. ఇంత చేస్తే ఇదా అని మీ ప్రాణం ఉసూరుమంటుంది. ఆ రోజు నా మాట గుర్తు చేసుకోండి. ఆ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని మౌనంగా కూర్చున్న పిల్ల కంటే, అరిచే పిల్ల మీకు దగ్గరగా ఉన్నట్టు. అరిచినా పంపించరన్న ధీమా వచ్చాకే అరుస్తారు. ఆ దశలో మీకూ ఆసరా కావాలి. మీ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కౌన్సెలింగ్ అడగండి. మనసు మరీ అలసిపోయిన రాత్రి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

చివరగా, త్వరలోనే ఎదురయ్యే ఒక విషయం. దత్తత నియమాల ప్రకారం పాప మీ ఇంటికి వచ్చినప్పటి నుంచి రెండేళ్ళ పాటు ఆరు నెలలకొకసారి బాగోగులు చూడటానికి ఒక అధికారి వస్తారు. ఒకసారి వచ్చి వెళ్ళి ఉంటారు, మరో నాలుగు నెలల్లో మళ్ళీ వస్తారు. చేతిలో ఫైలు పట్టుకుని వచ్చే కొత్త మనిషి ఆ పిల్ల కంటికి ఎలా కనిపిస్తుందో ఊహించండి. ఇదివరకు అలా ఫైలు పట్టుకుని వచ్చినవాళ్ళే తనను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చారు. మీరు పంపించేస్తానన్న తర్వాత వచ్చే మొదటి మనిషి ఆవిడే అవుతుంది. కాబట్టి రెండు రోజుల ముందే పాపకు చెప్పండి, ఎవరు వస్తారో, ఎంతసేపు ఉంటారో, ఏమి అడుగుతారో. ఆవిడ ఉన్నంతసేపూ పాప మీ పక్కన కూర్చోవాలనుకుంటే కూర్చోనివ్వండి. ఒంటరిగా మాట్లాడాలని ఆవిడ అడిగితే, ‘నేను వంటింట్లోనే ఉంటాను’ అని చెప్పి అక్కడే ఉండండి. వెళ్ళేటప్పుడు పాపను వెంటబెట్టుకుని గేటు దాకా వెళ్ళండి. ఆవిడ ఒక్కతే ఆటో ఎక్కి, వీధి మలుపు తిరిగే దాకా ఇద్దరూ నిలబడండి. తర్వాత గేటు గడియ పాపనే వేయమనండి.